ఆర్థోగ్‌లో నాలుగు రోజులు: కేడర్ ఇడ్రిస్ ఏ దారిన ఎక్కాలి, మిగతా రోజులు ఎక్కడ నడవాలి

మీరు అడిగింది ఇది: మే నెలాఖరు స్కూలు సెలవుల్లో బర్మింగ్‌హామ్ నుంచి కారులో వచ్చి, వేల్స్ పడమటి తీరాన ఆర్థోగ్ ఊళ్లో నాలుగు రోజులు ఉంటారు. మీరిద్దరు, తొమ్మిదేళ్ల బాబు, ఇండియా నుంచి వచ్చిన 64 ఏళ్ల నాన్నగారు. ఆయన ఏటా అలిపిరి మెట్లెక్కే మనిషి కాబట్టి అక్కడి కేడర్ ఇడ్రిస్ కొండ కూడా ఎక్కగలరా, మిగతా రోజుల్లో ఏ దారులు బాగుంటాయి అని.

ఎక్కగలరు. మూడు షరతులు: పోనీ పాత్ అనే దారినే వెళ్లాలి, గాలీ మబ్బూ ఒప్పుకున్న రోజే వెళ్లాలి, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో బయల్దేరే ముందే నిర్ణయించుకోవాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా ఆ రోజు కొండ మానేయండి. ఆర్థోగ్‌లో కొండ మానేస్తే రోజు వృథా అయ్యేదేమీ లేదు, అది కింద చెబుతాను.

ముందు అలిపిరి పోలిక తేల్చుకుందాం, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా పొరబడేది అక్కడే. పోనీ పాత్ మొదలయ్యే టీ నాంట్ కార్ పార్క్ దాదాపు 170 మీటర్ల ఎత్తులో ఉంటుంది. శిఖరం 893 మీటర్లు. అంటే సుమారు 725 మీటర్లు ఎక్కాలి. తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కేదీ కాస్త అటూ ఇటూగా అంతే. కాబట్టి ఎక్కడానికి నాన్నగారి ఊపిరి చాలుతుంది. తేడాలు వేరే చోట ఉన్నాయి. అలిపిరిలో 3,550 మెట్లూ సమంగా కట్టినవి, చాలా భాగం పైన కప్పు, నీళ్లు, టాయిలెట్లు, కూర్చోడానికి గట్లు. పైకి వెళ్లాక చాలామంది బస్సులో దిగుతారు. ఇక్కడ ఎక్కిన ప్రతి మీటరూ కాళ్లతోనే దిగాలి. అడుగు కింద రాయి ఒకటి ఎత్తు, ఒకటి పల్లం, ఒకటి కదిలేది. అరవై దాటినవారికి ఊపిరికంటే ముందు మోకాలు ఎదురు తిరిగేది దిగేటప్పుడే. రెండు చేతులకూ రెండు వాకింగ్ పోల్స్ ఇవ్వండి. ఎక్కేటప్పుడు మోచెయ్యి సూటిగా 90 డిగ్రీలు మడతపడేంత పొడవు, దిగేటప్పుడు అంతకంటే అయిదు నుంచి పది సెంటీమీటర్లు పెంచాలి. పొడవు పెంచకుండా దిగితే మనిషి ముందుకు వంగిపోతాడు, బరువు మళ్లీ మోకాలి మీదికే వస్తుంది. ఈ సర్దుబాటు ఇంటి దగ్గరే రెండుసార్లు చేయించి అలవాటు చేయండి.

సోమవారం ఇది, మంగళవారం అది అని రోజులు ముందే కేటాయించుకోవద్దు. నాలుగు నడకలు సిద్ధంగా పెట్టుకుని, ఏ రోజు ఎలా ఉంటే దానికి తగ్గది తీయండి. గాలి తక్కువగా, మబ్బు ఎత్తుగా ఉన్న ఒక్క రోజు కొండకి. మబ్బు కిందికి దిగినా వాన లేని రోజు క్రెగెనన్ చెరువులకి. జల్లులు పడే రోజు నదీముఖం పక్కన చదును దారికి. సగం రోజే దొరికితే బార్మత్ వంతెనకి.

వాతావరణం చూసేటప్పుడు ఫోన్‌లో మామూలుగా కనిపించే మబ్బు బొమ్మనో వాన బొమ్మనో నమ్ముకోవద్దు. అది సముద్రమట్టం దగ్గరున్న ఊరికి సంబంధించింది. బ్రిటన్ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్ వాళ్లు కొండలకు విడిగా ఇచ్చే సూచన ఉంటుంది, ఎరరి ప్రాంతం, అంటే స్నోడోనియా, ఎంచుకోండి. పర్వతాల వాతావరణం కోసమే నడిచే ఎమ్‌డబ్ల్యుఐఎస్ అనే సేవ కూడా ఉంది. రెండింట్లోనూ చూడాల్సినవి రెండు అంకెలు: శిఖరం ఎత్తులో గాలి విసురు, మబ్బు అడుగు ఏ ఎత్తులో ఉంటుందన్నది. విసురు గంటకు 35 మైళ్లు దాటుతుందంటే తొమ్మిదేళ్ల పిల్లాడిని ఆ గట్టు మీదికి తీసుకెళ్లకండి. మబ్బు అడుగు 800 మీటర్ల కంటే కిందకుంటే పైన మీకు కనిపించేది మీ కాళ్లే. ప్రతి వంద మీటర్లకూ సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతాయని లెక్క వేసుకోండి. ఊళ్లో 14 డిగ్రీలుంటే పైన తొమ్మిదికి అటూ ఇటూ, గాలి తోడైతే ఒంటికి అంతకంటే చాలా చల్లగా తగులుతుంది. మే నెలాఖరని మోసపోవద్దు.

ఇక కొండ.

టీ నాంట్ కార్ పార్క్ డోల్‌గెత్లై పట్నానికి నైరుతిగా అయిదు కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఆర్థోగ్ నుంచి కారులో డోల్‌గెత్లై మీదుగా వెళ్లండి. క్రెగెనన్ మీదుగా వెళ్లే కొండ రోడ్డు మ్యాపులో దగ్గరగా కనిపిస్తుంది గానీ, ఇరుకు, నిలువు, మధ్యమధ్య దిగి తీసి వేయాల్సిన గేట్లు. ఎదురుగా బండి వస్తే వెనక్కి తీయాలి. సెలవుల్లో కార్ పార్క్ త్వరగా నిండుతుంది కాబట్టి ఎనిమిదిన్నరకల్లా అక్కడ ఉండండి. డబ్బు కట్టే చోటు. నిండిపోతే రోడ్డు అంచున గేటుకు అడ్డంగా పెట్టేయాలన్న ఆలోచన రానివ్వద్దు. అవి రైతుల దారులు, ట్రాక్టరు పోవాలి. మరో రోజు రండి.

రోడ్డు మీద కొద్దిగా నడిచాక కొండకు ఎక్కే బాట సూచిక ఉంటుంది. మొదట చెట్లు, పొలం గోడలు, వాగు, తర్వాత రాళ్లు పరిచిన మెట్లలాంటి దారి. గొర్రెలు మేసే నేల ఇది. గేటు మూసి ఉంటే మూయండి, తెరిచి ఉంటే తెరిచే వదలండి. ఆ తర్వాత దారి మెలికలు తిరుగుతూ దాదాపు 560 మీటర్ల దగ్గర ఒక కనుమకు చేరుతుంది. ఎక్కే ఎత్తులో సగం దాటేసినట్టే. ఇక్కడే అసలు నిర్ణయం తీసుకోవాలి, శిఖరం దగ్గర కాదు. అప్పటిదాకా కొండ చాటున ఉన్నారు, కనుమ ఎక్కగానే నైరుతి గాలి మొహాన కొడుతుంది. అయిదు నిమిషాలు కూర్చుని, జాకెట్ తొడిగి, ఏదైనా తిని, ముగ్గురు పెద్దలూ ఒకరినొకరు నిజాయితీగా అడగండి. బాబు మాట్లాడకుండా ఊరికే ఉన్నాడా? నాన్నగారు ఎక్కడానికి కాక నిలదొక్కుకోడానికి పోల్స్ వాడుతున్నారా? అలా అయితే కనుమ చూసి దిగిపోవడమే మంచిది. ఉత్తరాన మౌదఖ్ నదీముఖం, దక్షిణాన లోయ రెండూ అక్కడి నుంచే కనిపిస్తాయి.

కనుమ దగ్గర దక్షిణం నుంచి, హ్లాన్‌విహాంగెల్ అనే పల్లె వైపు నుంచి, ఇంకో దారి వచ్చి కలుస్తుంది. మీరు ఎడమకు, అంటే తూర్పుకు తిరగాలి. వెళ్లేటప్పుడు ఎవరూ తప్పరు. తిరిగి వచ్చేటప్పుడు తప్పుతారు. పైనుంచి కబుర్లు చెప్పుకుంటూ వేగంగా దిగుతూ, కుడివైపు మలుపు గమనించకుండా నేరుగా దక్షిణపు లోయలోకి దిగిపోతారు. అక్కడి నుంచి కారు కొండకు అవతల ఉంటుంది. అందుకని ఎక్కేటప్పుడే కనుమ దగ్గర వెనక్కి తిరిగి ఆ చోటు ఫోటో తీసుకోండి, బాబుకు చూపించండి. దిగేటప్పుడు ఈ గుర్తు పట్టే పని వాడికే అప్పజెప్పండి. పిల్లలు ఇలాంటివి మనకంటే బాగా గుర్తుపెట్టుకుంటారు.

కనుమ నుంచి పైకి వెడల్పాటి గట్టు, రాళ్లు ఎక్కువవుతూ పోతాయి. కేవ్రూయి అనే 811 మీటర్ల శిఖరం పక్కనుంచి వెళ్తారు. ఆ తర్వాత ఎడమవైపు ఒక్కసారిగా నేల తెగిపోతుంది, కింద హ్లిన్ ఎ గాడైర్ చెరువు నల్లగా కనిపిస్తుంది. మంచు యుగపు హిమానీ నదం తొలిచిన కోన అది. గొప్పగా ఉంటుంది, అందుకే అందరూ అంచుకు వెళ్తారు. ఆ అంచున గడ్డి కింద రాయి వదులుగా ఉంటుంది. కూర్చుని చూడాలి, నిలబడి కాదు. గాలి విసురుగా ఉంటే దగ్గరికే వద్దు. బాబు పెద్దవాళ్లకు కుడిపక్కన నడవాలి, దిగేటప్పుడు ఎడమపక్కన.

శిఖరం పేరు పెనిగాడైర్. సర్వే స్తంభం, దాని పక్కనే కొద్దిగా కింద పైకప్పున్న రాతి గుడిసె ఉంటాయి. గుడిసెలో ఆగి టీ తాగొచ్చు. తడిగా, చీకటిగా ఉంటుంది, ఎక్కువసేపు కూర్చుంటే ఒళ్లు చల్లబడిపోతుంది. పదిహేను నిమిషాలు చాలు. ఈ కొండ మీద ఒక రాత్రి నిద్రపోతే తెల్లారేసరికి కవి అయినా అవుతారు, పిచ్చివాళ్లయినా అవుతారని వేల్స్‌లో చెప్పుకుంటారు. బాబుకు ఈ కథ కనుమ దగ్గర చెప్పండి, మిగిలిన ఎత్తు దాని మీదే ఎక్కేస్తాడు.

శిఖరం నుంచి దారులు నాలుగు వైపులా పోతాయి. దిగాల్సింది పడమరకు, వచ్చిన దారినే. పొగమంచులో పొరబడి దక్షిణం పట్టి దిగితే మిన్‌ఫోర్ద్ దారిలో పడతారు, అక్కడి నుంచి డోల్‌గెత్లై చుట్టి కారు దగ్గరకు రోడ్డున 15 కిలోమీటర్ల పైమాటే. ఇంకా ప్రమాదమైనది ఉత్తరం వైపు. అక్కడ ఫాక్సెస్ పాత్ అనే పాత దారి హ్లిన్ ఎ గాడైర్ చెరువుకు నేరుగా దిగుతుంది. మ్యాపులో పొట్టి దారి, కార్ పార్క్‌కు దగ్గర. కానీ పై భాగమంతా కాలు పెడితే జారిపోయే గులకరాళ్ల వాలు. ముందు వెళ్లేవారి నెత్తిన వెనక వచ్చేవారి రాళ్లు పడతాయి. ఎక్కడానికీ వద్దు, దిగడానికి అసలే వద్దు.

సమయం లెక్క: రానూపోనూ దాదాపు పది కిలోమీటర్లు. గంటకు అయిదు కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ మరో గంట అని నెయిస్మిత్ లెక్క ఒకటుంది. దాని ప్రకారం మూడు గంటల పన్నెండు నిమిషాలొస్తుంది. అది ఆగకుండా నడిచే గట్టి మనుషులకు. మీ నలుగురికి దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి, ఆగే సమయం ఒక గంటన్నర కలపండి: ఆరు గంటల పైన. ఎనిమిది ముప్పావుకు మొదలుపెడితే పదకొండుకల్లా కనుమ, ఒంటిగంటకల్లా శిఖరం. ఒంటిగంటకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచే వెనక్కి. శిఖరం కళ్లెదుట కనిపిస్తున్నా సరే. మే నెలాఖరులో తొమ్మిది దాటేదాకా వెలుతురుంటుంది కదా అనిపిస్తుంది. వెలుతురు ఉంటుంది, కాళ్లలో సత్తువ ఉండదు. దిగేటప్పుడు కాలు మడతపడటాలు ఎక్కువగా చివరి రెండు గంటల్లోనే జరుగుతాయి.

మిన్‌ఫోర్ద్ దారి గురించి ఇంకో మాట. ఇంటర్నెట్‌లో హ్లిన్ కావ్ చెరువు ఫోటోలు చూసి చాలామంది అదే ఎంచుకుంటారు. డోల్ ఇడ్రిస్ కార్ పార్క్ నుంచి ఓక్ అడవిలో నిలువుగా రాతి మెట్లు, పైన కోనలో చెరువు, దాని చుట్టూ గోడల్లా కొండలు. అందం విషయంలో అదే పైచేయి. కానీ శిఖరానికి వెళ్లాలంటే 791 మీటర్ల మరో శిఖరం ఎక్కి, మళ్లీ కనుమలోకి దిగి, మళ్లీ ఎక్కాలి. ఈ బృందానికి అది ఎక్కువ. చెరువు దాకా మాత్రం వెళ్లి వచ్చే నడక, దాదాపు 380 మీటర్ల ఎక్కుడు, మీకు అయిదో రోజు దొరికితే తప్పక చేయండి. బస్సులో గానీ రైల్లో గానీ వచ్చే మిత్రులెవరైనా ఉంటే ముందే చెప్పండి: మిన్‌ఫోర్ద్ పేరుతో పోర్త్‌మాడోగ్ దగ్గర ఒక రైల్వే స్టేషన్ ఉంది. దానికీ ఈ కొండకూ సంబంధం లేదు, గంట దూరం.

కొండకంటే నాకు ఆర్థోగ్ నుంచి ఎక్కువ ఇష్టమైనది క్రెగెనన్ నడక. కారు తీయక్కర్లేదు. ఊళ్లో సెయింట్ క్యాథరిన్ చర్చి దగ్గర మొదలై, ఆర్థోగ్ వాగు జలపాతాల పక్కనుంచి ఓక్ అడవిలో బాట ఎక్కుతుంది. ఎక్కుడు నిలువు. రాళ్లూ, చెట్ల వేర్లూ, గోడలూ అన్నీ మందంగా నాచు పట్టి ఉంటాయి, కొమ్మల మీద కూడా ఫెర్న్ మొక్కలు. సముద్రపు తేమ ఎడతెగకుండా తగలడం వల్ల వచ్చే అడవి ఇది. అందుకే జారుతుంది. వాన ఆగి రెండు రోజులైనా ఇక్కడ రాయి ఆరదు. చదునుగా, నున్నగా కనిపించే పలక మీద కాకుండా గరుకు అంచు మీదా, మట్టి మీదా అడుగు వేయండి. వేరు మీద ఎప్పుడూ వేయొద్దు, ముఖ్యంగా దారికి అడ్డంగా ఉన్న వేరు మీద.

అడవి దాటాక నేల తెరుచుకుంటుంది. పెద్ద రాతి పలకలు పరిచి వాగు మీద కట్టిన పాత వంతెన, దాని దగ్గర్లో హ్లిస్ బ్రాడ్‌వెన్ అనే మధ్యయుగపు ప్రభువు నివాసం ఆనవాళ్లు ఉన్నాయి. గోడలు నిలిచి ఉంటాయనుకోకండి, గడ్డిలో రాళ్ల వరుస మాత్రమే. అక్కడి నుంచి పొలాల మీదుగా దాదాపు 240 మీటర్ల ఎత్తున క్రెగెనన్ చెరువులు, ఒకదాని మధ్య చిన్న ద్వీపం. నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థ చూసుకునే చోటు, కార్ పార్క్, టాయిలెట్ ఉన్నాయి. నాన్నగారికి ఆ రోజు అలసటగా ఉంటే ఒకరు కారులో ఆయన్ని ఇక్కడికి తెచ్చి కలుసుకోవచ్చు.

చెరువుల వెనక గోడలా లేచిన గట్టు పారెడ్ ఎ కెవెన్ హీర్, 383 మీటర్లు. పేరుకు అర్థం కూడా దాదాపు అదే, పొడవాటి వీపు గోడ. చెరువు నుంచి 140 మీటర్లే గానీ నిలువు ఎక్కుడు. అరగంట పని. పైనుంచి మౌదఖ్ నది సముద్రంలో కలిసే తీరు మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది: ఇసుక మేటలు, వాటి మధ్య మెలికలు తిరిగే నీటిపాయలు, చివర గీత గీసినట్టు బార్మత్ వంతెన. మన గోదావరి మొగల దగ్గర ఇసుక దిబ్బలు చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్తది కాదు, కాకపోతే ఇక్కడ రెండు ఒడ్డులకూ కొండలు. ఆటు సమయానికి ఒక రకంగా, పోటు సమయానికి ఇంకో రకంగా ఉంటుంది. ఇసుకల ఆకారం చూడాలంటే ఆటు వేళకు పైకి చేరేలా బయల్దేరండి. బార్మత్ పోటు వేళల పట్టిక చూసుకుంటే చాలు.

తిరుగు ప్రయాణం జలపాతాల దారిలో వద్దు. ఎక్కేటప్పుడు ఇబ్బంది లేని నాచురాళ్లు దిగేటప్పుడు నడుం విరగ్గొడతాయి. చెరువుల దగ్గర నుంచి ఆర్థోగ్‌కు దిగే చిన్న తారు రోడ్డు పట్టుకోండి. కార్లు తక్కువ, మలుపుల దగ్గర మాత్రం వరుసగా ఒకరి వెనక ఒకరు నడవండి. ఊరి నుంచి ఊరికి మొత్తం నాలుగు గంటలు, భోజనం ఆగడంతో అయిదు.

ఈ నేల మీద ఒక చిక్కు: మ్యాపులో ఆకుపచ్చ గీతలతో గీసిన బాట అంటే నడిచే హక్కు ఉన్నదని అర్థం, నేల మీద బాట కనిపిస్తుందని కాదు. పొలం మధ్యలో గీత కనబడకపోతే అవతలి గోడలో స్టైల్, అంటే గోడ దాటే మెట్లు, ఎక్కడుందో చూసి దానికి నేరుగా నడవండి. మ్యాపు ఆర్డినెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 23, 1:25,000 స్కేలు. నాలుగు నడకలూ ఈ ఒక్క షీటులోనే ఉన్నాయి. ఫోన్ యాప్ కూడా పెట్టుకోండి, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి, ఎందుకంటే కొండ చాటున సిగ్నల్ పోతుంది. కారు నడపడానికి వాడే మ్యాపు యాప్ చెప్పే కాలిదారిని కొండ మీద నమ్మకండి.

వెల్ష్ పేర్లు బెదరగొడతాయి గానీ నాలుగు మాటలు తెలిస్తే మ్యాపు మాట్లాడుతుంది. హ్లిన్ అంటే చెరువు, ఆవన్ నది, కుమ్ మన తలకోనలోని కోన, బూల్ఖ్ కనుమ, క్రైగ్ బండ, మోయెల్ బోడిగుట్ట, మోర్వా సముద్రపు చవిటి నేల, కోయెడ్ అడవి. దారి సూచికల మీద ముందు వెల్ష్, తర్వాత ఇంగ్లీషు ఉంటాయి. ‘హ్లూయ్‌బర్’ అన్నది దారి. సింగిల్ ఎఫ్ అక్షరం వ శబ్దం, రెండు ఎఫ్‌లు ఫ శబ్దం. బస్సు డ్రైవర్‌తో ఊరి పేరు ఈ మాత్రం సరిగా పలికినా మొహం విప్పారుతుంది.

జల్లుల రోజుకు మౌదఖ్ ట్రెయిల్. 1965లో మూసేసిన రైలు మార్గం మీద డోల్‌గెత్లై నుంచి బార్మత్ దాకా దాదాపు 15 కిలోమీటర్ల దారి, రైలు కోసం వేసింది కాబట్టి పూర్తిగా చదును. నాన్నగారికీ, బాబుకూ, బండిలో పసిపిల్లలున్నవారికీ పనికొస్తుంది. ఆర్థోగ్ దీని మధ్యలో ఉంటుంది. ఊరి మీదుగా పోయే ఏ493 రోడ్డు మీద మాత్రం నడవకండి, చాలాచోట్ల ఫుట్‌పాత్ లేదు, పక్కన రాతిగోడ, బండ్లు వేగం. వీలైనంత త్వరగా ట్రెయిల్ మీదికి దిగిపోవాలి. తూర్పుకు వెళ్తే నది పక్కనే పెన్‌మైన్‌పూల్. 1879 నాటి చెక్క టోల్ వంతెన, పాత సిగ్నల్ క్యాబిన్ ఉంటాయి. సైకిళ్లు వెనకనుంచి నిశ్శబ్దంగా వస్తాయి, బాబును ఎడమ అంచుకు నడిపించండి.

పడమటికి వెళ్తే మోర్వా మౌదఖ్ స్టేషన్, ఆపైన బార్మత్ వంతెన. 1867లో తెరిచిన చెక్క స్తంభాల రైలు వంతెన, పక్కనే నడిచేవారికి చెక్క పలకల దారి. దాటడానికి పదిహేను ఇరవై నిమిషాలు. ఎనిమిది మీటర్లు దూరం కూడా లేకుండా రైలు పక్కనుంచి పోతుంటే పలకలు అదురుతాయి, బాబుకు అదొక పండగ. వంతెన మీద గాలికి అడ్డు ఏమీ లేదు, ఊళ్లో లేని చలి అక్కడ ఉంటుంది, టోపీ ఎగిరిపోతుంది. వచ్చేటప్పుడు కాళ్లు లాగితే బార్మత్ నుంచి ఒక్క స్టేషన్ రైల్లో వెనక్కి రావొచ్చు. మోర్వా మౌదఖ్‌లో అడిగితేనే రైలు ఆగుతుంది. ఎక్కగానే కండక్టర్‌కు దిగుతామని చెప్పాలి, అక్కడి నుంచి ఎక్కాలంటే ప్లాట్‌ఫామ్ మీద నిలబడి డ్రైవర్‌కు కనిపించేలా చెయ్యి చాపాలి. రైళ్లు తరచుగా ఉండవు, వేళ చూసుకోకుండా వెళ్తే ఒక రైలు తప్పితే చాలాసేపు కూర్చోవాలి.

బార్మత్‌లో మిగిలిన సమయానికి ఊరి వెనక దినాస్ ఒలై కొండవాలు ఎక్కండి. బ్రిటన్ నేషనల్ ట్రస్ట్‌కు దక్కిన మొట్టమొదటి స్థలం ఇదే, 1895లో ఫ్యానీ టాల్బట్ అనే ఆవిడ ఇచ్చింది. ఇళ్ల మధ్య సందుల్లోంచి మెట్లు, ఇరవై నిమిషాల ఎక్కుడు.

ఇప్పుడు ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఆటు వేళ నదీముఖంలో ఇసుక మైదానంలా పరుచుకుని, అవతలి ఒడ్డు నడిచి పోయేంత దగ్గరగా కనిపిస్తుంది. దిగకండి. ఇసుక మధ్య పాయలు లోతు, అంచున బురద మోకాలిదాకా దిగబడుతుంది. పోటు ఎదురుగా రాదు, వెనకనున్న పాయల్లోంచి నిండుకుంటూ వచ్చి మనిషిని దిబ్బ మీద ఒంటరిగా వదిలేస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇంకా వేగం. ఈ నది ప్రవాహం ఎంత బలమైనదో 1966 జూలైలో పెన్‌మైన్‌పూల్ వంతెన చెప్పింది: విహారానికి వచ్చిన పడవ ఒకటి దాని స్తంభాలకు కొట్టుకుని మునిగి 15 మంది చనిపోయారు. నీళ్లాట కావాలంటే బార్మత్ బీచ్‌కు తీసుకెళ్లండి.

బట్టల విషయానికొస్తే జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు, బరువెక్కి ఒంటి వేడి లాగేస్తాయి. ఒంటికి ఆనుకుని సింథటిక్ లేదా ఊలు బనియన్, పైన ఫ్లీస్, ఆపైన టోపీ ఉన్న వాన జాకెట్, వాన ప్యాంటు. గొడుగు ట్రెయిల్ మీద బాగుంటుంది, గట్టు మీద పనికిరాదు. మనవాళ్లు పెద్దవారికి శాలువా కప్పి తీసుకొస్తారు, గాలికి అది తెరచాప అవుతుంది. చేతి తొడుగులు నలుగురికీ, మే నెల అయినా. నాన్నగారి బూట్లు కొత్తవి కొంటే రెండు వారాల ముందే కొని రోజూ వేయించండి. దిగేటప్పుడు బొటనవేలు ముందు తోలుకు తగలకూడదు, అర సైజు పెద్దవి తీసుకోండి.

తిండి: పెరుగన్నం ఇంటికి వచ్చాక. కొండ మీద చల్లటి అన్నం చేతులతో తినడం కష్టం, తొడుగులు తీయాలి. చపాతీ చుట్టలు, పల్లీ చిక్కీ, ఖర్జూరాలు, ఫ్లాస్కులో టీ. పులిహోర డబ్బా, చెంచా అయితే సరే. మనిషికి లీటరున్నర నీళ్లు, టీ నాంట్ దాటాక దుకాణం లేదు. నాన్నగారి బీపీ, షుగరు మాత్రలు కారులో కాదు, ఆయన జేబులో ఉండాలి. నారింజ తొక్కలు, అరటి తొక్కలు కూడా వెనక్కి తెచ్చేయండి, ఆ చలిలో అవి నెలల తరబడి కుళ్లవు.

ఫెర్న్ పొదల్లో పిడుదులుంటాయి. సాయంత్రం మోకాలి వెనక, చంకలు, బాబుకు జుట్టు అంచు, చెవుల వెనక చూడండి. పట్టుకుని ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నెమ్మదిగా నేరుగా లాగండి. నూనె, కిరసనాయిలు, అగ్గిపుల్ల ఏవీ వద్దు, అవి దాని కడుపులోది మన ఒంట్లోకి కక్కిస్తాయి. తర్వాతి వారాల్లో ఆ చోట ఎర్రటి మచ్చ వలయంలా పెరిగితే జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్, దగ్గరికి వెళ్లి పిడుదు కుట్టిందని చెప్పండి.

ఏదైనా జరిగితే అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి ముందు పోలీస్ అనండి, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలనండి. నేరుగా అంబులెన్స్ అంటే రోడ్డు చిరునామా అడుగుతూ సమయం పోతుంది. మ్యాపు గ్రిడ్ నంబరు చదివి చెప్పడం ముందే నేర్చుకోండి. మాట అందనంత బలహీనమైన సిగ్నల్‌లోనూ మెసేజ్ పోవచ్చు, కాకపోతే ముందే పేరు నమోదు చేసుకోవాలి: ‘రిజిస్టర్’ అన్న ఇంగ్లీషు మాట 999కి మెసేజ్ పంపి, వచ్చే సూచనలు పాటిస్తే సరి. ఇంటి నుంచి బయల్దేరేముందే నలుగురి ఫోన్లలోనూ చేయండి. ఫోన్ పనిచేయకపోతే విజిల్: నిమిషంలో ఆరు ఊదులు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరు. ఈ రెస్క్యూ వాళ్లు స్వచ్ఛందంగా వచ్చేవారు, బిల్లు వేయరు. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవారికి ఖర్చవుతుందని భయపడి పిలవకుండా దిగడానికి ప్రయత్నించేవాళ్లున్నారు. కొండ మీద నుంచి దింపడానికి డబ్బు అడగరు. ఆసుపత్రి వైద్యం సంగతి వేరు, దానికి నాన్నగారి ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో కొండ నడక కూడా కవరవుతుందో లేదో పాలసీ తీసి చూడండి. కొన్నింట్లో ఎత్తు పరిమితి మీటర్లలో రాసి ఉంటుంది.